చౌక డిస్కుల్లో నల్లవాళ్ళ జాజ్: ధర తగ్గింది, బాకీ తగ్గలేదు

నల్లవాళ్ళ పోరాటం గురించి తెలుగు దళిత ఉద్యమానికి తెలిసినంతగా వాళ్ళ సంగీతం గురించి తెలీదు. 1873లో జోతిరావు ఫూలే తన ‘గులాంగిరీ’ని బానిసత్వం రద్దు చేసిన అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరునే బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ని సహవాసి ‘ఏడుతరాలు’గా తెలుగు చేస్తే, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని అందరూ కొనగలిగే ధరకి అచ్చేస్తే, మన వాడల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయేదాకా చదువుకున్నాం. చదివాం సరే, విన్నామా?

వినలేదు. వినకపోవడానికి కారణముంది. జాజ్ ఈ దేశానికి వచ్చిన దారి మన దారి కాదు. 1935లో లియోన్ ఆబీ బృందం బొంబాయి తాజ్ హోటల్లో వాయించింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే నల్లజాతి పియానిస్టు బొంబాయి, కలకత్తా పెద్ద హోటళ్ళలో తెల్లదొరలకీ సంస్థానాధీశులకీ వాయించి వాయించి 1945లో కలకత్తాలో కలరాతో చనిపోయాడు. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం ఇండియాకి వచ్చింది, అమెరికా విదేశాంగ శాఖ పంపిస్తే. ఇక్కడ చూసినవాళ్ళకి అది పెద్దోళ్ళ హోటలు సంగీతంగా, సర్కారు సంగీతంగా కనబడింది. అంటరానివాళ్ళలాగే ఊరవతల బతికినవాళ్ళ సంగీతం మనదాకా వచ్చేసరికి అగ్రవర్ణాల డ్రాయింగు రూముల్లో కూర్చుంది.

గత ముప్పై ఏళ్ళలో ఈ పరిస్థితి కొంత మారింది. యూరప్‌లో పాత జాజ్ ఆల్బములని చౌక సెట్లుగా వేయడం మొదలైంది. అవిడ్ అనే కంపెనీ రెండు సీడీల్లో 4 ఆల్బములు, రియల్ గాన్ అనే కంపెనీ నాలుగు సీడీల్లో 8 ఆల్బములు ఇలా కుదించి అమ్మాయి. ఒకప్పుడు ఒక్క ఆల్బముకి పెట్టే డబ్బుతో నాలుగో ఎనిమిదో వస్తాయన్నమాట. అలాంటి సెట్లు తర్వాత ఫోన్లలో వినే సర్వీసుల్లోకి కూడా ఎక్కాయి. కాబట్టి ఇవాళ ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో చదువుకునే పిల్లవాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని 1955 నాటి న్యూయార్క్‌ని వినగలడు. ఈ చౌక సరుకులో ఎవరికీ పట్టని గొప్ప ఆల్బములు దొరుకుతాయని జాజ్ అభిమానులు సంబరపడతారు. దొరికేమాట నిజమే. అయితే సంబరపడే ముందు మనం రెండు ప్రశ్నలు వేయాలి. ఇవి ఎందుకు ఇంత చౌక? వీటిని ఎవరు మరుగున పడేశారు?

పత్తి, బ్యాండు, వలస

జాజ్ గురించి ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి మాట్లాడటం కొందరికి వింతగా ఉండొచ్చు. కానీ ఈ నేలకీ ఆ సంగీతానికీ నడుమ పత్తి ఉంది. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. బళ్ళారి, కర్నూలు నల్లరేగడి పత్తికి మద్రాసు ప్రెసిడెన్సీ వ్యాపారంలో ‘వెస్టర్న్స్’ అని పేరు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో బానిసలు పండించిన పత్తి లాంకషైర్ మిల్లులకి రావడం ఆగిపోతే ఇండియా పత్తికి ధర పెరిగింది. అంటే మిసిసిప్పీలో నల్లవాడి వెన్ను మీద పడిన కొరడాకీ, ఇక్కడి పత్తి ధరకీ లెక్క కలిసింది. అక్కడ పత్తి చేలల్లో పుట్టిన పాటలే బ్లూస్‌కి ఒక వేరు. బ్లూస్ లేకుండా జాజ్ లేదు.

రెండోది బ్యాండు. న్యూ ఆర్లియన్స్‌లో నల్లవాళ్ళు క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్, డ్రమ్ములతో శవయాత్రలు నడిపారు. పోయేటప్పుడు దుఃఖం, పూడ్చి వచ్చేటప్పుడు చిందు. మన బ్యాండు సెట్టు వాళ్ళ చేతిలో ఉండేవీ ఆ వాయిద్యాలే. అక్కడా ఇక్కడా అవి మిలిటరీ బ్యాండ్ల నుంచే జనంలోకి వచ్చాయి. మన దగ్గర వాటిని ఊదేవాళ్ళు ఎవరు? మాదిగలు, మాలలు, దూదేకులవాళ్ళు. దూదిని ఏకే కులమే సన్నాయి ఊదే కులం కూడా అయింది. పీర్ల పండక్కి, పెండ్లికి, చావుకి వీళ్ళు లేకుండా ఊరు కదలదు. కదిలినాక వీళ్ళ పేరు ఎవరికీ గుర్తుండదు.

మూడోది వలస. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతాయి. ‘సుగ్గికి పోయినారు’ అంటారు. ఇంటికి తాళం, బడిలో పిల్లల పేర్లకి ఆబ్సెంటు. అమెరికా దక్షిణాది నుంచి షికాగోకి, డెట్రాయిట్‌కి, న్యూయార్క్‌కి లక్షలాది నల్లవాళ్ళు కదిలిపోయిన వలస లేకపోతే ఇక్కడ మనం చెప్పుకోబోయే ఆల్బముల్లో చాలావరకు ఉండేవి కావు.

రెండు చరిత్రలూ ఒకటేనని నా వాదన కాదు. కులం జాతి కాదు, బానిసత్వం వెట్టి కాదు. కానీ వాళ్ళని వినడానికి మనకి హోటలు దారి అక్కర్లేదని మాత్రం చెప్పొచ్చు.

ధర ఎలా తగ్గింది

యూరప్ చట్టాల్లో రికార్డు మీద హక్కు 50 ఏళ్ళు ఉండేది. 2011లో దాన్ని 70కి పెంచుతూ ఆదేశం తెచ్చి, 2013 నవంబరు నుంచి అమలు చేశారు. అప్పటికే గడువు తీరిపోయిన రికార్డులకి ఇది వర్తించలేదు. అంటే 1962 చివరి దాకా వచ్చిన రికార్డులన్నీ అక్కడ ఎవరైనా అచ్చొత్తుకోవచ్చు. చౌక సెట్లు ఎక్కువగా 1962 దగ్గరే ఎందుకు ఆగిపోతాయో ఇప్పుడు అర్థమవుతుంది. అమెరికాలో లెక్క వేరు. 2018 చట్టం ప్రకారం 1957 తర్వాతి, 1972 ఫిబ్రవరికి ముందటి రికార్డుల మీద హక్కు 2067 దాకా ఉంటుంది. ఇండియాలో రికార్డుకి 60 ఏళ్ళు. ఒకే పాట ఒక దేశంలో సొత్తు, ఇంకో దేశంలో దిక్కులేనిది.

ఇందులో గమనించాల్సిన కిటుకు ఇంకొకటుంది. గడువు తీరేది రికార్డు మీది హక్కుకే. బాణీ కట్టినవాడి హక్కు అతను చనిపోయినాక కూడా నడుస్తుంది, యూరప్‌లో 70 ఏళ్ళు, ఇండియాలో 60 ఏళ్ళు. కాబట్టి చౌక డిస్కులో కూడా చట్టప్రకారం బాణీ సొంతదారుకి వాటా ముట్టాలి. వాయించినవాడికి మాత్రం పైసా రాదు.

జాజ్‌లో ఈ తేడా ఎంత అన్యాయమో చూడండి. బాణీ ముప్పై సెకన్లుంటే, దాని మీద అప్పటికప్పుడు కల్పించి వాయించేది ఐదు నిమిషాలుంటుంది. ఆ ఐదు నిమిషాలే జాజ్. కర్ణాటక సంగీతంలో ఇదే పనిని ‘మనోధర్మం’ అని నెత్తిన పెట్టుకుంటారు. జాజ్‌లో చట్టం దాన్ని ఉట్టి ‘వాయించడం’గా లెక్కగట్టింది. మన భాషలో అయితే వీణని ‘వాయిస్తారు’, తప్పెటని ‘కొడతారు’. కొట్టేదానికి మనోధర్మం ఎక్కడిదని అడుగుతుంది ఆ మాట. రాసింది ఆస్తి, చేతిలో పుట్టింది కూలి అనే ఈ విభజన చదువుకీ శ్రమకీ మధ్య బ్రాహ్మణీయ భావజాలం గీసిన గీత లాంటిదే.

అంతే గాక, చాలామంది జాజ్ వాద్యకారులకి రికార్డింగు రోజున ఇచ్చే కూలే మొత్తం ఆదాయం. గడువు ఉన్నప్పుడు కూడా హక్కు వాళ్ళ దగ్గర లేదు, కంపెనీ దగ్గర ఉంది. కాబట్టి డిస్కు చౌక కావడానికి యాభై ఏళ్ళ గడువు ఒక్కటే కారణం కాదు. వాద్యకారుడి వాటాని మొదటిరోజే లెక్కలోంచి కొట్టేశారు.

మరుగున పడేసిన ఆల్బములు

హెర్బీ నికల్స్ తల్లిదండ్రులు కరీబియన్ దీవుల నుంచి న్యూయార్క్‌కి వలస వచ్చినవాళ్ళు. 1955-56లో బ్లూ నోట్ కంపెనీకి పియానో, బాస్, డ్రమ్ములతో కొన్ని రికార్డింగులు చేశాడు. తర్వాత బెత్‌లహేమ్ కంపెనీకి ‘లవ్, గ్లూమ్, క్యాష్, లవ్’ అనే ఆల్బము. అంతే. 1963లో లుకీమియాతో 44 ఏళ్ళకి చనిపోయాడు. బతకడం కోసం తనకి ఇష్టంలేని పాతకాలపు డిక్సీలాండ్ బ్యాండ్లలో వాయించాడు. బిల్లీ హాలిడే పేరుతో లోకానికి తెలిసిన ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’ బాణీ ఇతనిదే. 1955 మే నెలలో రికార్డు చేసిన ఒక బాణీకి ‘ద థర్డ్ వరల్డ్’ అని పేరు పెట్టాడు. బాండుంగ్‌లో ఆసియా, ఆఫ్రికా దేశాలు సమావేశమైంది కూడా ఆ ఏప్రిల్లోనే. నికల్స్‌ని వినేటప్పుడు డ్రమ్ములని వినాలి. ఆర్ట్ బ్లేకీ, మ్యాక్స్ రోచ్ వాయించారు. పియానో ఒక మాట అని ఆగుతుంది, డ్రమ్ము జవాబిస్తుంది. జవాబుకి చోటు ముందే ఉంచి బాణీ కట్టాడు. డ్రమ్ముని వెనక నడిచే పాలేరుగా కాకుండా ఎదురు కూర్చుని మాట్లాడే మనిషిగా చూసిన సంగీతం ఇది. తప్పెట ఇంట పుట్టినవాళ్ళకి ఈ విషయం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

టీనా బ్రూక్స్ మగమనిషే, టీనా అతని చిన్ననాటి ముద్దుపేరు. టెనర్ సాక్సఫోన్. 1958-61 మధ్య బ్లూ నోట్ అతని నాయకత్వంలో నాలుగు ఆల్బములకి సరిపడా రికార్డు చేసి, ‘ట్రూ బ్లూ’ ఒక్కటే 1960లో విడుదల చేసింది. ‘బ్యాక్ టు ద ట్రాక్స్’కి నంబరు ఇచ్చి, అట్ట కూడా తయారుచేసి ఆపేసింది. 1974లో 42 ఏళ్ళకి బ్రూక్స్ చనిపోయేనాటికి మిగతా మూడూ కంపెనీ అరల్లోనే ఉన్నాయి. ‘ట్రూ బ్లూ’లో అతని స్వరం అరవదు. బాధని కొంచెం వెనక్కి లాగిపెట్టి చెబుతుంది. ఇలాంటి ఆల్బముని ‘మరుగుపడ్డది’ అనడం సరికాదు. చేసినవాడు బతికుండగా అరలో పెట్టి తాళం వేసినదాన్ని మరుగుపరచడం అంటారు.

ఎల్మో హోప్‌కి 17 ఏళ్ళప్పుడు న్యూయార్క్ పోలీసు తుపాకి గుండు తగిలింది. అతని మీదే కేసులు పెట్టారు, జడ్జి వదిలేశాడు. తర్వాత మాదకద్రవ్యాల కేసులో క్యాబరే కార్డు పోయింది. 1940 నుంచి 1967 దాకా న్యూయార్క్ నైట్‌క్లబ్బుల్లో పనిచేయాలంటే పోలీసులిచ్చే ఈ కార్డు ఉండాల్సిందే. బిల్లీ హాలిడేకి, థెలోనియస్ మంక్‌కి కూడా అది పోయింది. సంగీతం వాయించడానికి పోలీసు అనుమతి! నేరస్థ జాతుల చట్టం కింద పోలీసు హాజరు వేయించుకుంటూ బతికిన ఎరుకలవాళ్ళ పిల్లలకి ఈ కార్డు సంగతి వింతగా అనిపించదు. హోప్ 1957లో లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయి, 1959లో అక్కడ ఒక ట్రియో ఆల్బము చేశాడు. చౌక సరుకులో వెతికి వినదగ్గది ఇది. మెత్తగా మొదలై ఎటు తిరుగుతుందో తెలీకుండా మలుపు తిరిగే బాణీలు, ఫ్రాంక్ బట్లర్ డ్రమ్ములు. 1961లో న్యూయార్క్ తిరిగొచ్చి ‘హోప్-ఫుల్’లో భార్య బెర్తా హోప్‌తో కలిసి రెండు పియానోలు వాయించాడు. 1967లో చనిపోయాడు.

ఇక స్త్రీలు. మరుగున కూడా ఇంకో మరుగు ఉంటుంది. డెట్రాయిట్ నుంచి వచ్చిన డొరొతీ ఆష్‌బీ వాయించింది హార్ప్. అది తెల్ల సంపన్నుల ఇళ్ళలో అలంకారంగా నిలబడే వాయిద్యం. నల్ల స్త్రీ దాన్ని జాజ్‌కి లాక్కొచ్చింది. 1957లో ‘ద జాజ్ హార్పిస్ట్’, 1958లో ఫ్రాంక్ వెస్ వేణువుతో ‘హిప్ హార్ప్’. తీగలని గిటార్ లాగా తెంపి తెంపి, బ్లూస్ బరువుతో మీటుతుంది. తర్వాత భర్తతో కలిసి డెట్రాయిట్ నల్ల ప్రేక్షకుల కోసం నాటక బృందం నడిపింది. మెల్బా లిస్టన్ ట్రాంబోన్ వాయించింది. మగవాళ్ళ సొత్తు అనుకునే వాయిద్యం. తన పేరు మీద ఆల్బము ఒక్కటే, 1958లో రికార్డు చేసిన ‘మెల్బా లిస్టన్ అండ్ హర్ బోన్స్’. కానీ 1960లో రాండీ వెస్టన్ చేసిన ‘ఉహురు ఆఫ్రికా’కి వాద్యబృందం మొత్తాన్నీ తీర్చి రాసింది ఆమె. లాంగ్‌స్టన్ హ్యూస్ మాటలు రాశాడు. ఆఫ్రికా స్వాతంత్ర్యాన్ని చాటిన ఆ రికార్డుని దక్షిణాఫ్రికా తెల్ల సర్కారు 1964లో నిషేధించింది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో పేరు ఎవరిది, పని ఎవరిది అని లిస్టన్ జీవితం మొత్తం అడుగుతుంది. మన ఉద్యమాల్లో పాటల బృందాల వెనక నిలబడిన ఆడవాళ్ళని కూడా అదే ప్రశ్నతో చూసుకోవాలి.

సొంతదారు కావాలనుకున్న ఒక పంతులు

జీజీ గ్రైస్ గురించి విడిగా చెప్పుకోవాలి. ఆల్టో సాక్సఫోన్ వాద్యకారుడు, గొప్ప బాణీకారుడు. ఇతని బాణీల్లో బాగా తెలిసినదాని పేరు ‘మైనారిటీ’. 1955లో ‘నీకాస్ టెంపో’, 1960లో ‘ద ర్యాట్ రేస్ బ్లూస్’ చౌక సరుకులో దొరుకుతాయి. రెండూ తీరికగా వినదగ్గవి. ఒక్క స్వరం కూడా అక్కర్లేకుండా పడదు.

గ్రైస్ ఒక పని చేశాడు. బాణీల హక్కు కంపెనీల చేతిలో పెట్టకుండా 1955లో మెలోటోన్ అనే సొంత ప్రచురణ సంస్థ పెట్టాడు. తోటి నల్ల వాద్యకారుల బాణీలు కూడా అందులో చేర్చి, మీ వాటా మీ దగ్గరే ఉంచుకోండని చెప్పాడు. సంగీత వ్యాపారానికి ఇది నచ్చలేదు. ఒత్తిళ్ళు పెరిగాయి. 1963 ప్రాంతానికి గ్రైస్ జాజ్‌నే వదిలేశాడు. బషీర్ కుసీమ్ పేరుతో న్యూయార్క్ బడుల్లో పంతులయ్యాడు. 1983లో చనిపోయాడు. అతను పాఠం చెప్పిన బ్రాంక్స్ బడికి తర్వాత అతని పేరే పెట్టారు.

ఇప్పుడు చట్టం కిటుకు మళ్ళీ గుర్తు చేసుకోండి. గ్రైస్ ఊదిన సాక్సఫోన్ ఇవాళ ఎవరైనా ఊరకే అమ్ముకోవచ్చు. కానీ అతని బాణీ మీద హక్కు ఇండియాలో 2043 చివరిదాకా, యూరప్‌లో 2053 చివరిదాకా బతికే ఉంది. అతను ఎక్కడ పోరాడాలో సరిగ్గా అక్కడే పోరాడాడు. ఆ పోరాటానికి బతుకుదెరువునే ధర కట్టాడు. మా కళకి మేమే సొంతదారులం అన్న మాట ఎంత ఖరీదైనదో చౌక డిస్కు అట్ట మీద రాసి ఉండదు.

‘కనిపెట్టడం’ అనే మాట

సేకర్తలకి ఇష్టమైన కథ ఒకటుంది. చౌక బుట్టలో చేయి పెడితే మాణిక్యం దొరికిందని. ఈ కథలో వీరుడు కొన్నవాడు. వాయించినవాడు మట్టిలో దొరికిన రాయి. కొలంబస్ అమెరికాని ‘కనిపెట్టాడు’ అన్నప్పుడు అక్కడున్న జనం ఏమయ్యారో, ఇక్కడ వాద్యకారుడూ అంతే. హార్లెమ్‌లో నికల్స్‌తో కలిసి తిరిగిన తోటి వాద్యకారులకి అతని విలువ తెలుసు. మంక్ బాణీలకి అతను అభిమాని. తెలియనిది వ్యాపారానికి, విమర్శకి. 1987లో మొజాయిక్ అనే కంపెనీ అతని బ్లూ నోట్ రికార్డులన్నీ వెలికి తీసి, వివరాలతో ఖరీదైన సెట్టు వేసింది. మంచి పనే. అది కొనగలిగినవాళ్ళు ఎందరు?

అందుకని చౌక సెట్టుని తిట్టి కూర్చోవడం కూడా కుదరదు. వాద్యకారుడి వాటాని సున్నా చేసిన చట్టమే మనకి అతన్ని వినిపించింది. ఇది చిక్కుముడి, దీన్ని దాచిపెట్టి లాభం లేదు. నా అభిప్రాయం ఇది: మనం వినాలి, వినే హక్కు పేదవాళ్ళకి ఉంది. వింటే బాకీ పడతాం. ఆ బాకీ తీర్చడం పేరుతో మొదలవుతుంది. చాలా చౌక సెట్ల మీద డ్రమ్ములు ఎవరు, బాస్ ఎవరు, ఏ సంవత్సరం అన్నది ఉండదు. కొన్ని మాత్రం అసలు అట్ట వెనకాల రాతని మళ్ళీ అచ్చేస్తాయి. కొనాల్సి వస్తే అలాంటివి కొనండి. ఫోన్లో వింటే ఎవరెవరు వాయించారో వెతికి రాసుకోండి. నాయకుడి పేరు ఒక్కటే చెప్పడం ఊళ్ళో రెడ్డి పేరు చెప్పి ఊరి చరిత్ర అయిపోయిందనడం లాంటిది.

మన దగ్గర అసలు డిస్కే లేదు

నికల్స్‌కి అన్యాయం జరిగింది నిజమే. అయినా అతని చేతి పని టేపు మీద ఉంది, తేదీతో సహా. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్ళలో పెండ్లి దరువు, చావు దరువు, చాటింపు దరువు, పీర్ల పండగ దరువు వేరువేరుగా పలికించిన మాదిగ తప్పెట పెద్దలలో ఎంతమంది పని పేరుతో, తేదీతో రికార్డయి ఉంది? మరుగున పడాలన్నా ముందు ఒక రికార్డు ఉండాలి గదా. డీజే బాక్సులు వచ్చి బ్యాండు సెట్ల కడుపు కొట్టినాక ఈ పని ఇంకా తొందర అయింది.

రికార్డు చేసేవాళ్ళు వస్తారు, రాకపోరు. వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా జాజ్ చరిత్ర మనకి ముందే చెప్పింది. ఇండియా చట్టంలో ప్రదర్శకుల హక్కు అనేది 1994 సవరణ దాకా లేదు. అప్పుడు 25 ఏళ్ళు ఇచ్చారు, 1999లో 50 చేశారు. 2012 సవరణలో వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీలో వాటా అన్నారు. రికార్డు సొంతదారుకి 60 ఏళ్ళు, చెమటోడ్చినవాడికి 50! దాని మీద ‘జానపదం’ అన్న ముద్ర కూడా పడిందంటే, దరువు కట్టినవాడెవరో అడిగే దిక్కుండదు. జానపదం అంటే పేరు రాసుకోని చరిత్రకి పెట్టిన గౌరవనామం.

కాబట్టి మన విద్యార్థులు, పంతుళ్ళు, కార్యకర్తలు చేయగలిగిన పని చెబుతాను. ఫోను అందరి దగ్గరా ఉంది. సుగ్గి నుంచి జనం తిరిగొచ్చినాక, పెండ్లిళ్ళు లేని రోజుల్లో, తప్పెట పెద్దల దగ్గరికి, బ్యాండు సెట్టు వాళ్ళ దగ్గరికి పోండి. ఆ రోజు కూలి ఎంతో అడిగి ముందే ఇవ్వండి. ఒక్కొక్కరి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ దరువు ఏ సందర్భానిదో వాళ్ళ నోటితోనే టేపులో చెప్పించండి. వెనక నిలబడి తాళం వేసిన పిల్లవాడి పేరు కూడా. ఈ రికార్డు సొంతదారులు వాయించినవాళ్ళేనని ఒక కాగితం రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి వాళ్ళ ఇంట్లో పెట్టి రండి.

గ్రైస్ 1955లో చేసిన పని ఇదే.